పిలిచారు సరే, కాగితం ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(పోలీసు శాఖలో పాతికేళ్ళకు పైగా పరిశోధనాధికారిగా పనిచేసి, చివరి ఆరేళ్ళు శిక్షణ కళాశాలలో చట్టం బోధించి పదవీ విరమణ చేసిన మా శీర్షిక రచయిత ఈ నెల ఇచ్చిన సమాధానాలు ఇవి. ప్రశ్నలు పంపినవారి కోరిక మేరకు వారి పేర్లు ప్రచురించడం లేదు.)

ప్రశ్న: మా అబ్బాయి ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో పనిచేస్తున్నాడు. దుకాణంలో రాగి తీగ చుట్టలు పోయాయని యజమాని పోలీసులకు చెప్పాడట. ఒక సాయంత్రం స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి వెళ్ళు" అన్నారు. వెళ్ళినవాణ్ణి రాత్రి పదకొండు దాకా బల్ల మీద కూర్చోబెట్టి, నాలుగు దెబ్బలు కొట్టి, మర్నాడు మళ్ళీ రమ్మని పంపించారు. ఇలా మూడు రోజులు జరిగింది. కేసు పెట్టారా అని అడిగితే ఇంకా లేదంటున్నారు. వాడు తీయలేదని నేను ప్రమాణం చేయలేను, నాకు తెలియదు. కానీ ఇలా పిలవవచ్చునా?
— ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: "నాకు తెలియదు" అని మీరు నిజాయితీగా రాసిన ఆ ఒక్క మాట వల్ల నా పని సులువైంది. ఎందుకంటే మీ అబ్బాయి తీగలు తీశాడా లేదా అన్నదానితో మీ ప్రశ్నకు సంబంధం లేదు. తీసినవాణ్ణయినా పిలవడానికి ఒక పద్ధతి ఉంది.

చట్టం ప్రకారం ఒక మనిషిని స్టేషన్‌కు రప్పించే దారులు చాలా తక్కువ. అతను సాక్షి అయితే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 179వ సెక్షను కింద రాతపూర్వకమైన ఆదేశం ఇవ్వాలి. ఆ సెక్షను కిందనే స్త్రీలను, పదిహేనేళ్ళలోపు బాలురను, అరవై దాటిన పురుషులను, వికలాంగులను వారుండే చోటు వదిలి రమ్మని బలవంతపెట్టకూడదన్న నిబంధన కూడా ఉంది. అతను అనుమానితుడై, అరెస్టు అవసరం లేదనుకుంటే 35(3) కింద నోటీసు ఇవ్వాలి. పాత సీఆర్పీసీ సెక్షను పేరుతో అందరూ ఇప్పటికీ '41ఏ నోటీసు' అంటున్నది దీన్నే. ఏడేళ్ళు, అంతకు తక్కువ శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పిన తరువాత ఈ నోటీసుకు ప్రాముఖ్యం పెరిగింది. అరెస్టే చేస్తే కారణాలు చెప్పాలి, ఇంటివారికి తెలపాలి, సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 'ఊరికే పిలవడం' అనే దారి ఈ చట్టంలో ఎక్కడా లేదు.

అయినా రాష్ట్రంలో ప్రతి స్టేషన్‌లోనూ అన్నిటికన్నా ఎక్కువగా నడుస్తున్నది ఆ లేని దారే. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఫోన్లు చేసినవాణ్ణే కనుక దాని వెనుక సంగతి చెప్పగలను. దొంగతనం ఫిర్యాదు వస్తే కేసు నమోదు చేయడం ఐచ్ఛికం కాదని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కొన్ని నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ముగిసే ప్రాథమిక విచారణకు కొత్త చట్టం వీలిచ్చింది. కానీ కేసు కట్టగానే ఆ నెల నేరాల సంఖ్య పెరుగుతుంది, దాని మీద పైఅధికారి సమీక్షలో జవాబు చెప్పుకోవాలి. యజమానికి కూడా కోర్టు వాయిదాలు అక్కర్లేదు, సరుకు దొరికితే చాలు. అందువల్ల ఇద్దరికీ అనుకూలమైన మార్గంగా, కేసు లేకుండానే 'రికవరీ' చేసే ప్రయత్నం మొదలవుతుంది. ఈ ఏర్పాటులో నష్టపోయేవాడు బల్ల మీద కూర్చున్న కుర్రవాడు ఒక్కడే.

ఆ మూడు రాత్రులూ స్టేషన్ జనరల్ డైరీలో, అంటే స్టేషన్‌లో రోజూ జరిగేది రాసే పుస్తకంలో, మీ అబ్బాయి పేరు ఉండదు. అంటే రికార్డు ప్రకారం అతను అక్కడ లేడు. లేని మనిషికి దెబ్బలు తగలవు, గుండెపోటు రాదు, ఏదైనా జరిగితే బాధ్యులు ఉండరు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో దొంగతనం అనుమానంతో తీసుకువచ్చిన ఒక దళిత మహిళ చనిపోయింది. ఎస్సైతో పాటు కానిస్టేబుళ్ళను కూడా ఉద్యోగాల నుంచి తొలగించారు. అదీ ఇలాంటి చిన్న చోరీ విచారణగానే మొదలైందని గుర్తుంచుకోండి.

ఇక మీరు చేయవలసినవి. మళ్ళీ ఫోన్ వస్తే, "నోటీసు ఇప్పించండి సార్, తప్పకుండా వస్తాం" అని మర్యాదగా అడగండి. నోటీసు ఇస్తే తప్పక వెళ్ళాలి, ఒక న్యాయవాదినో ఊరి పెద్దనో తోడు తీసుకుని వెళ్ళండి. కాల్ వచ్చిన తేదీలు, వేళలు, కూర్చోబెట్టిన గంటలు ఒక కాగితం మీద రాసి జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు పారేయకండి. దెబ్బలు తగిలిన రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ఓపీ చీటీ తీసుకుని ఉంటే ఎంతో బాగుండేది, ఇప్పటికైనా గుర్తులుంటే వెంటనే చూపించండి. ఒప్పించడానికి కొట్టడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 120వ సెక్షను కింద ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. పైగా పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు కనుక, ఆ దెబ్బలు పరిశోధనకు కూడా పనికిరావు. ఒకవేళ రాత్రంతా వదలకుండా ఉంచితే మాత్రం ఉత్తరాల దగ్గర ఆగవద్దు. న్యాయవాది ద్వారా హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరేది) వేయవచ్చు.

ప్రశ్న: పోలీసుల నుంచి వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. దానికి బదులివ్వాలా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 35వ సెక్షను నోటీసును వాట్సాప్ వంటి మార్గాల్లో పంపితే అది చట్టం చెప్పిన పద్ధతిలో అందజేసినట్లు కాదని సుప్రీంకోర్టు సతేందర్ కుమార్ అంతిల్ కేసులో 2025 జనవరిలో చెప్పింది. అలాగని దాన్ని పట్టించుకోకుండా వదిలేయమని నా సలహా కాదు. ముందు అది నిజంగా పోలీసులదేనా అని ఆ స్టేషన్‌కు మనిషిని పంపి తెలుసుకోండి. వీడియో కాల్‌లో ఖాకీ తొడుక్కుని "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అని బెదిరించి డబ్బు గుంజే ముఠాల వలలో మన రెండు రాష్ట్రాల్లో విశ్రాంత ఉద్యోగులు, వైద్యులు కూడా పడ్డారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు; డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: అయ్యా, మావారు సివిల్ కానిస్టేబుల్. పదకొండేళ్ళ సర్వీసు. పండుగనాడు ఇంట్లో ఉన్నది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మునుపు ఎంతో నెమ్మదస్తుడు. ఇప్పుడు పిల్లల మీద కూడా స్టేషన్‌లో అరిచినట్టే అరుస్తున్నారు. పోలీసుల ప్రవర్తన గురించి అందరూ రాస్తారు, మీరూ రాస్తారు. పోలీసుతో శాఖ ప్రవర్తించే తీరు గురించి ఎవరు రాయాలి?
— ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, మీ నిష్ఠూరం న్యాయమైనదే. ఈ శీర్షికలో ఇంతకాలం ఆ వైపు చూడకపోవడం నా లోపం.

1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షను, పోలీసు ఎల్లవేళలా విధుల్లో ఉన్నట్లే భావించాలని చెబుతుంది. నిజానికి మన ప్రాంతాలకు వర్తించినవి వేరే చట్టాలు: ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు ప్రభుత్వ కాలపు 1859 నాటి జిల్లా పోలీసు చట్టం, తెలంగాణ ప్రాంతానికి నిజాం కాలంలో 1329 ఫసలీలో వచ్చిన చట్టం. తెల్లదొరదైనా నిజాముదైనా అప్పటి ఆలోచన ఒక్కటే. ప్రభుత్వం పిలిచినప్పుడు రావలసిన మనిషి పోలీసు, అతనికి వేళ ఉండదు, ఇల్లు ఉండదు. ఈ శతాబ్దంలో ఇంటర్ అర్హత ఉన్న ఉద్యోగానికి బీటెక్, ఎమ్మెస్సీ చదివిన పిల్లలు చేరుతున్నా, డ్యూటీ రోస్టరు వెనుక ఉన్న ఆలోచన మాత్రం అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వారానికొక సెలవు ప్రకటించినప్పుడు మీవంటి ఇళ్ళలో ఎంత సంతోషం కలిగిందో నాకు తెలుసు. కానీ సిబ్బందిని పెంచకుండా సెలవు ఇస్తే, ఒక బందోబస్తు రాగానే మొట్టమొదట రద్దయ్యేది ఆ సెలవే. ఒక వీఐపీ పర్యటన, ఒక జాతర, ఒక ఎన్నిక. ఇవి లేని నెల ఏదో మీరే చెప్పండి.

ఇంకో సంగతి. పోలీసులు సంఘాలు పెట్టుకోవడాన్ని, పత్రికలకెక్కడాన్ని 1966 నాటి హక్కుల పరిమితి చట్టం కట్టుదిట్టం చేసింది. అందుకే వారి బాధ వారి నోటి నుంచి రాదు, ఇంటివారి నోటి నుంచి వస్తుంది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్లలో జరిగింది అదే. 'ఏక్ పోలీస్' విధానం (రాష్ట్రంలో పోలీసులందరికీ ఒకే వ్యవస్థ) కావాలని, కుటుంబాలకు దూరంగా తిప్పే డ్యూటీలు మార్చాలని మొదట రోడ్డెక్కింది భార్యలు, పిల్లలు. ఆ తరువాత నిరసనల్లో పాల్గొన్నారంటూ 39 మందిని సస్పెండు చేశారు, 10 మందిని ఉద్యోగాల నుంచి తొలగించారు. క్రమశిక్షణ గల దళంలో ధిక్కారాన్ని చూసీ చూడనట్లు వదిలేయలేరన్నది నిజమే, ఆ వాదనను నేను కొట్టివేయను. అయితే గోడు చెప్పుకోవడానికి ఒక పనిచేసే వేదిక ఉన్న తరువాతనే ధిక్కారం అనే మాటకు బరువు వస్తుంది. దర్బారులో (సిబ్బంది గోడు వినడానికి అధికారి పెట్టే సమావేశంలో) లేచి నిలబడి సెలవు అడిగిన కానిస్టేబుల్ పేరు మర్నాటి కష్టమైన డ్యూటీలో ముందు కనిపిస్తే, ఆ తరువాత ఏ దర్బారులోనూ ఎవరూ లేవరు.

మీవారి కోపానికి వస్తాను. ఎస్సై సీఐ చేత మాట పడతాడు, ఎస్సై చేత కానిస్టేబుల్ పడతాడు, కానిస్టేబుల్ కింద శాఖలో ఎవరూ లేరు కనుక ఆ మాట కౌంటరు దగ్గర నిలబడ్డ ఫిర్యాదుదారు మీద పడుతుంది, మిగిలింది ఇంటికి వస్తుంది. ఇది ఆయన తప్పును సమర్థించడానికి చెబుతున్నది కాదు. పిల్లలు ఆ లెక్క అర్థం చేసుకోనవసరం లేదు. కనుక వరుసగా ఎన్ని రోజులు సెలవు లేదో, రాత్రి గస్తీలు ఎన్నో ఆయన చేతే ఒక చిన్న పుస్తకంలో రాయించండి. విజ్ఞాపన పెట్టుకోవలసి వచ్చినప్పుడు "చాలా కష్టంగా ఉంది సార్" అన్న మాటకన్నా "47 రోజులు" అన్న అంకె బలంగా పనిచేస్తుంది. నిద్ర పట్టకపోవడం, చెయ్యి లేవడం వరకూ వస్తే మానసిక వైద్యుడికి చూపించడానికి సంకోచించకండి. నా బ్యాచ్‌లో సంకోచించిన ఇద్దరిని మేము పోగొట్టుకున్నాం.

ప్రశ్న: బండి ఆపి కాగితాలు చూశాక, ఫోన్ కూడా అన్‌లాక్ చేసి ఇమ్మన్నారు. ఇవ్వాలా?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఇవ్వనవసరం లేదు. 2021 అక్టోబరులో గంజాయి తనిఖీల పేరిట హైదరాబాద్ వీధుల్లో యువకుల వాట్సాప్ సంభాషణలను పోలీసులు వెతుకుతున్న దృశ్యాలు బయటికి వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. 2017 నాటి పుట్టస్వామి తీర్పు తరువాత గోప్యత ప్రాథమిక హక్కు. ఒక కేసుకు మీ ఫోన్ అవసరమైతే నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షను కింద రాతపూర్వక ఆదేశంతో అడగవచ్చు. వారంటు లేకుండా సోదా చేయవలసి వస్తే అందుకు కారణం ముందుగా రాసుకోవాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని 105వ సెక్షను చెబుతోంది. నడిరోడ్డు మీద "ఫోన్ ఇవ్వరా" అనడం వీటిలో దేనికిందకూ రాదు. అయితే అక్కడ గొంతు పెంచడం వల్ల మీకు మేలు జరగదు. పేరు, బ్యాడ్జి, వేళ గుర్తుపెట్టుకుని, "ఏ కేసులో అడుగుతున్నారో రాసివ్వండి సార్" అనండి. లైసెన్సు ఫోన్‌లోనే ఉంటే తెర చూపించండి, ఫోన్ చేతికివ్వకండి.

ప్రశ్న: దిశ ఘటన తరువాత ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. జనమే మెచ్చుకున్న పనిని మీవంటివారు ఎందుకు తప్పు పడతారు? కోర్టుల్లో ఏళ్ళు గడిచినా తేలని న్యాయం ఆ రోజు దొరికింది కదా.
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ రోజు పూలు చల్లిన వారిలో నా బంధువులు కూడా ఉన్నారు. వారి దుఃఖం నిజమైనది, కోర్టుల ఆలస్యం మీద మీ కోపం కూడా నిజమైనదే. నేను అడిగేది పరిశోధన గురించి.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు చనిపోయారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని కమిషన్ అభిప్రాయపడింది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్ళింది. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం కాల్పులు కాదు. నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కమిషన్ నిర్ధారించింది. నిందితుడి వయసు తేల్చడం పరిశోధనలో మొట్టమొదటి కాగితపు పని, కొత్త ఎస్సైకి కూడా మేము మొదటి నెలలో నేర్పే పాఠం. దేశమంతా చూస్తున్న కేసులో, సీనియర్ అధికారులు నడిపిన పరిశోధనలో ఆ పని జరగలేదంటే, ఆ నలుగురే నేరం చేశారని రుజువు చేయవలసిన మిగతా పనులు ఎంత గట్టిగా జరిగాయని నమ్మాలి? విచారణ జరిగి ఉంటే ఆ సాక్ష్యాలు కోర్టులో పరీక్షకు నిలిచేవి. బాధితురాలి ఇంటివారికి శిక్ష రూపంలో ఒక జవాబు దొరికేది. ఇప్పుడు వారికి దొరికింది ఎప్పటికీ తేలని ఒక పంచనామా.

ఎన్‌కౌంటర్ మరణాలపై తప్పనిసరిగా కేసు నమోదు చేయాలని 2009లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2014లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. కాల్పుల్లో పాల్గొన్న బృందం కాకుండా సీఐడీనో వేరే స్టేషన్ బృందమో పరిశోధించాలని, ఘటన జరిగిన వెంటనే పదోన్నతులు, శౌర్య పతకాలు ఇవ్వకూడదని అందులో ఉంది. పూలు చల్లడం గురించి ఆ మార్గదర్శకాల్లో లేదు కానీ, పతకాల మీద నిషేధం పెట్టిన కారణమే దానికీ వర్తిస్తుందని నేననుకుంటాను.

ప్రశ్న: స్టేషన్‌లో జరిగిన దాన్ని సీసీ కెమెరాలతో రుజువు చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చేయవచ్చు, కానీ త్వరపడాలి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ గేటు, లాకప్, వరండా, ఎస్సై గది సహా అన్నిచోట్లా శబ్దం కూడా నమోదయ్యే కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను 18 నెలలు, వీలుకాని చోట కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. సరిగ్గా కావలసిన రోజునే కెమెరా 'రిపేరులో ఉంది' అన్న జవాబు కూడా అందరికీ తెలిసిందే. లాకప్ మరణాలపై వచ్చిన వార్తలు చూసి, పనిచేయని కెమెరాల సంగతిని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. మీరు వెంటనే ఎస్పీకి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు తేదీ, వేళ రాసి, ఆ దృశ్యాలు చెరిపివేయకుండా భద్రపరచమని కోరండి. పోలీసులపై ఫిర్యాదుల కోసం ప్రత్యేక ప్రాధికార సంస్థలు పెట్టాలని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పినా, చాలా రాష్ట్రాలు వాటిని ఏళ్ళ తరబడి సాగదీశాయి కనుక ఆ ఒక్క దారినే నమ్ముకోవద్దు.

ప్రశ్న: నేను కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను. త్వరలో శిక్షణ మొదలవుతుంది. అక్కడ నేర్పే చట్టం స్టేషన్‌లో పనికిరాదని సీనియర్లు ఇప్పటినుంచే నవ్వుతున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: వారు నవ్వడం నిజం, చెప్పింది సగం నిజం. తొమ్మిది నెలల్లో మీకు పరేడ్, పీటీ, ఫైరింగ్ ఎక్కువగా గుర్తుంటాయి. ఒళ్ళు నొప్పి పుట్టించిన పాఠం మరిచిపోవడం కష్టం కదా. మధ్యాహ్నం భోజనం తరువాత జరిగే చట్టం తరగతిలో సగం మంది కునుకు తీస్తారు, నేను ఆరేళ్ళు ఆ కునుకుల ఎదుట నిలబడ్డాను. 2024 ఫిబ్రవరిలో చేరిన తెలంగాణ కానిస్టేబుళ్ళ పరిస్థితి మరీ విచిత్రం. జులై 1న కొత్త నేరచట్టాలు అమలులోకి రావడంతో శిక్షణ మధ్యలోనే సెక్షన్లన్నీ మారిపోయాయి. (420 పోయి 318 వచ్చినా, ఆ తిట్టు మాత్రం మన నోట మారలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ అన్న పేరు పోయి పదేళ్ళయినా హైదరాబాద్‌లో బస్సు కండక్టర్లు 'అప్పా జంక్షన్' అని అరుస్తున్నట్టే.)

సెక్షను నంబర్లు మరిచిపోయినా పుస్తకం తెరిస్తే దొరుకుతాయి. మా శిక్షణలో అసలైన లోటు మరొకటి. స్టేషన్ రిసెప్షన్‌కు ఏడుస్తూ వచ్చిన మనిషి చెప్పే చిందరవందర కథను కుదురుగా విని ఫిర్యాదుగా రాయడం, తాగి వచ్చినవాణ్ణి చెయ్యి వేయకుండా కూర్చోబెట్టడం, పైఅధికారి నోటిమాటగా చెప్పిన తప్పుడు పనికి "రాసివ్వండి సార్" అని వినయంగా అడగడం; వీటికి పీరియడ్ లేదు, పరీక్ష లేదు. వీటిని మీరు స్టేషన్‌లో మొదటి ఆరు నెలల్లో, పక్కనున్న సీనియర్‌ను చూసి నేర్చుకుంటారు. ఆ సీనియర్ మంచివాడైతే మీ అదృష్టం. ఒక శాఖ తన ఉద్యోగుల నడతను ఇలా అదృష్టానికి వదిలిపెట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. శిక్షణ కళాశాలలో పోస్టింగ్‌ను శిక్షగా చూసే అలవాటు పోనంతకాలం మంచి పరిశోధకులు అక్కడికి బోధించడానికి రారు, అది కూడా చెప్పాలి.

మీ చేతిలో ఉన్నవి చెబుతాను. మొదటి పోస్టింగ్‌కు వెళ్ళిన వారంలో అనుమతి తీసుకుని స్టేషన్ జనరల్ డైరీ పాత పుటలు చదవండి. ఏది రాశారో, ఏది వదిలేశారో మీకే తెలుస్తుంది. స్టేషన్ రైటర్‌తో (రికార్డులు రాసే ఉద్యోగితో) స్నేహం చేయండి, ఫిర్యాదు రాయడం అతని దగ్గర నేర్చుకోవచ్చు. సెంట్రీ డ్యూటీలో ఉండగా ఎవరినైనా లోపలికి తీసుకువస్తే, వచ్చిన వేళ, తెచ్చినవారి పేరు డైరీలో పడిందో లేదో చూడండి. పడకపోతే రైటర్‌ను అడగండి, అప్పటికీ పడకపోతే మీ సొంత నోటుపుస్తకంలో ఆ తేదీ, వేళ రాసి పెట్టుకోండి. లాకప్‌లో అనర్థం జరిగినప్పుడు సీఐ కన్నా ముందు సంజాయిషీ చెప్పవలసివచ్చేది ఆ వేళ సెంట్రీలో ఉన్నవాడే. మీ సీనియర్లను దీని గురించి అడిగి చూడండి, అప్పుడు నవ్వరు.